శ్రీశైలం నడకకు రెండు కొసల దగ్గరా బండి కావాలి: ఏర్పాట్లు చూసే అధికారులకు బహిరంగ లేఖ

శివరాత్రికీ ఉగాదికీ నల్లమల నడకదారి ఏర్పాట్లు చూసే రెవెన్యూ, అటవీ, దేవస్థానం, రవాణా అధికారులకు, ప్రత్యేక బస్సులు నడిపే డిపోల వారికి, నంద్యాల జిల్లా ఆత్మకూరు, దాని దగ్గరి వెంకటాపురం పెద్దలకు నమస్కారం.

అయ్యా,

మాది నరసరావుపేట. వెంకటాపురం నుంచి అడవి దారిన శ్రీశైలానికి ఇప్పటికి నాలుగుసార్లు నడిచాను. మొదటిసారి మా బావా నేనూ, తర్వాత మూడుసార్లు ఇంటిల్లిపాదీ. ఈ ఉత్తరం ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ దారి మీద ప్రేమతో, ఈసారి మాకన్నా పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ క్షేమంగా నడిచి క్షేమంగా ఇంటికి చేరాలని రాస్తున్నాను.

ముందుగా మీకు దండం పెట్టాలి. దారిలో నాగలూటి దగ్గర డ్రమ్ముల పక్కన నిలబడి నీళ్లందించే కుర్రాళ్లను చూశాను. పెచ్చెరువులో అర్ధరాత్రి దాకా అన్నం వడ్డించే దాతలను చూశాను. పోయినసారి మా అక్కకు మడమ పగిలి నెత్తురు కారితే, శిబిరంలో ఒక నర్సమ్మ ఆ కాలును తన ఒళ్లో పెట్టుకుని కడిగి కట్టు కట్టింది. అక్క వద్దు వద్దంటూ కాలు వెనక్కి లాక్కుంటుంటే, "ఊరుకోమ్మా, రేపు భీముని కొలను మెట్లున్నాయి, చెప్పులేసుకుని నడువు, మల్లన్న ఏమీ అనుకోడు" అంది. ఆ తల్లి పేరు కూడా అడగలేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఆ మాట తలుచుకుంటాం.

కాబట్టి అడవి లోపల జరిగేదాని గురించి నేను చెప్పేది పెద్దగా లేదు. అడవిలో అడుగు పెట్టకముందు, అడవిలోంచి బయటపడ్డ తర్వాత జరిగేదాని గురించి చెప్పాలి.

పూర్వం శ్రీశైలం వెళ్లినవాళ్లు రానూ పోనూ నడిచేవాళ్లు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే అనుకున్న రోజులవి. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడంటే, ఆ మెట్ల మీదే ఎక్కి, ఆ మెట్ల మీదే దిగే జనం కోసమే కట్టించాడు. ఇప్పుడు మనం అలా నడవడం లేదు. వెంకటాపురంలో మొదలుపెట్టి నాగలూటి, దామర్లకుంట, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరి, దర్శనం చేసుకుని, బస్సెక్కి ఇంటికి పోతున్నాం. అంటే ఒకవైపే నడక. రానూ పోనూ నడిచేవాడికి బండితో పని లేదు. ఒకవైపే నడిచేవాడికి మాత్రం రెండు కొసల దగ్గరా బండి కావాలి. మొదలుపెట్టే చోటికి వేళకు చేర్చడానికి ఒకటి, ముగిసిన చోటి నుంచి తీసుకెళ్లడానికి ఇంకొకటి. మన ఏర్పాట్లన్నీ ఈ రెండింటి నడుమనే ఉన్నాయి.

దూరాల లెక్క మీకు తెలియనిది కాదు, చదివేవాళ్ల కోసం చెబుతాను. అడవిలో నడిస్తే 40 కిలోమీటర్ల పైచిలుకు. అదే రోడ్డు మీద ఆత్మకూరు నుంచి డోర్నాల వెళ్లి, అక్కడ ఘాట్ ఎక్కి శ్రీశైలం చేరాలంటే 110 కిలోమీటర్ల దాకా అవుతుంది. నడిచి కొండ దాటినవాడు, తన బండి దగ్గరికి తిరిగి రావాలంటే ఆ కొండ చుట్టూ తిరిగి రావాలి. మా మొదటి ఏడాది కష్టమంతా ఇక్కడే వచ్చింది.

బావ కారులో వెళ్లాం. వెంకటాపురంలో ఒక రైతు కళ్లంలో చింతచెట్టు కింద కారు పెట్టాం. డబ్బిస్తానంటే ఆయన తీసుకోలేదు. రెండో రోజు సాయంత్రానికి శ్రీశైలం చేరాం, రాత్రంతా క్యూలో ఉండి తెల్లవారుజామున దర్శనం చేసుకున్నాం. అంతా బాగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, కారు కొండకు అవతల ఉందని. ఇద్దరి అరికాళ్లూ బొబ్బలెక్కి ఉన్నాయి. డోర్నాల దాకా ఒక బస్సు, నిలబడే వచ్చాం. అక్కడ ఎండలో గంటన్నర ఎదురుచూస్తే ఆత్మకూరు వైపు పోయే ఇంకో బస్సు. ఆత్మకూరు నుంచి ఆటో. కళ్లం చేరేసరికి చీకటి పడింది. ఆ రైతు ఇంటివాళ్లు మా వాలకం చూసి మజ్జిగిచ్చి, రాత్రికి ఇక్కడే పడుకోండి అన్నారు. పొద్దున్నే బావ డ్యూటీకి వెళ్లాలి. వినలేదు. మళ్లీ డోర్నాల మీదుగానే బయల్దేరాం. వినుకొండ ఇంకా రాకముందే బావకు స్టీరింగు మీద కన్ను మూతపడింది. కారు రోడ్డు అంచు దిగి, చక్రం కింద కంకర చప్పుడుకు ఇద్దరం ఉలిక్కిపడి లేచాం. పక్కన కాలువ ఉంది. నాలుగడుగులు అటు పోయి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

రెండు రోజులు అడవిలో నడిచి, ఒక రాత్రి క్యూలో మేల్కొన్న మనిషిని 200 కిలోమీటర్లు బండి నడపనివ్వడం ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పక్కర్లేదు. పండగ వెళ్లిన మర్నాడు పేపర్లో వచ్చే యాక్సిడెంట్ వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ కంకర చప్పుడే గుర్తొస్తుంది.

రెండో ఏడాది తెలివిగా ఉందామనుకున్నాం. అద్దెకు బండి మాట్లాడాం. తెల్లవారుజామున 2 గంటలకు బయల్దేరి మమ్మల్ని వెంకటాపురంలో దించాలి, అతను రోడ్డున శ్రీశైలం వచ్చి మా కోసం ఉండాలి. రెండు రోజుల వెయిటింగు డబ్బులతో సహా ముందే ఒప్పుకున్నాం. 2 గంటలకు రావాల్సిన బండి 7 గంటలకు వచ్చింది. వెంకటాపురం చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మాతో మా ఆవిడ, అక్క, పన్నెండేళ్ల మేనల్లుడు ఉన్నారు. ఆగిపోదామా అంటే అక్కడ ఉండటానికి చోటు తెలియదు, బండి అప్పటికే వెళ్లిపోయింది. అందరూ వెళ్తున్నారు కదా అని మేమూ అడుగేశాం.

నాగలూటి తర్వాత ఎక్కుడు మధ్యాహ్నపు ఎండలో ఎలా ఉంటుందో ఎక్కినవాళ్లకే తెలుసు. శివరాత్రి నాటికి ఆకు రాలిపోయి ఉంటుంది, నీడ ఉండదు. రాళ్లు కాలిపోతుంటాయి. మేనల్లుడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పెచ్చెరువు ఇంకా చాలా దూరముందనగానే చీకటి పడింది. అందరికీ కలిపి ఒకే టార్చి. అందరూ అడిగేది పులి భయం వేయలేదా అని. నిజం చెబుతున్నాను, చుట్టూ జనం ఉన్నారు, పులి గురించి ఆలోచనే రాలేదు. భయమంతా రాయి గురించే. ఎండుటాకుల కింద రాయి ఎక్కడుందో కనపడదు. కాలు మెలిక పడితే అక్కడి నుంచి మోసుకుపోవడమే తప్ప ఇంకో దారి లేదు. మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుని రెండు గంటలు అలాగే నడిచింది. పెచ్చెరువు లైట్లు కనపడగానే అక్క కింద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు భక్తితో వచ్చింది కాదు.

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. మాకు దారి తప్పలేదు, నీళ్లు తక్కువ కాలేదు, ఎవరూ మోసం చేయలేదు. ఒక బండి ఐదు గంటలు ఆలస్యమైంది, అంతే. ఆ ఐదు గంటలే పగటి నడకను రాత్రి నడకగా మార్చేశాయి. అడవి నడకలో సగం భద్రత, మనం ఏ వేళకు మొదలుపెట్టామన్నదాని మీదే ఉంది. ఆ వేళను నిర్ణయించేది అడవి కాదు, మమ్మల్ని అక్కడ దించిన బండి.

మూడో ఏడాది మా బావకు ఒక ఆలోచన వచ్చింది. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే, కాస్త ఓపిగ్గా చదవండి.

గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు పోయే రైలు మార్గం మా ఊరి మీదుగానే పోతుంది. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, ఆ తర్వాత నల్లమల సొరంగాలు దాటి నంద్యాల. ఇప్పుడు చూడండి. నడక మొదలయ్యే వైపు రైల్వే స్టేషను నంద్యాల. అక్కడి నుంచి వెలుగోడు మీదుగా ఆత్మకూరు బస్సులో గంటన్నర లోపే. నడక ముగిసే వైపు స్టేషను మార్కాపురం రోడ్డు. శ్రీశైలం నుంచి డోర్నాల మీదుగా 80 పైచిలుకు కిలోమీటర్లు. రెండు స్టేషన్లూ ఒకే లైను మీద ఉన్నాయి! ఒక స్టేషనులో దిగి, కొండెక్కి, కొండ దిగి, ఇంకో స్టేషనులో అదే లైను మీద ఇంటికి పోయే రైలెక్కొచ్చు. కారు అక్కర్లేదు, వెనక్కి వెళ్లి తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. ఎవరో మన కోసమే కావాలని వేసినట్టుంది ఆ లైను.

ఆ ఏడాది అలాగే వెళ్లాం. సాయంత్రం నంద్యాలలో దిగాం. రాత్రికి ఆత్మకూరులో ఒక సత్రంలో పడుకున్నాం. నాలుగింటికి లేచి ఆటో మాట్లాడుకుని, చలిచలిగా ఉండగానే వెంకటాపురం చేరాం. తెలతెలవారుతుండగా నడక మొదలైంది. నాగలూటి వీరభద్రుడి దగ్గర టిఫిను పొట్లాలు విప్పుకుని తీరిగ్గా తిన్నాం. మధ్యాహ్నం మూడింటికల్లా పెచ్చెరువులో చెట్టు కింద ఉన్నాం. అదే దారి, అవే రాళ్లు, అదే మేనల్లుడు. వాడు ఆ సాయంత్రం అక్కడ ఇంకో పిల్లాడితో గోళీలాడుకున్నాడు. వచ్చేటప్పుడు మార్కాపురం బస్సులో నిద్రపోయాం, రైల్లో నిద్రపోయాం, పొద్దున్నే ఇంట్లో కాఫీ తాగాం.

కానీ ఇది మాకు దొరికింది కాబట్టి అయింది. నంద్యాల ప్లాట్‌ఫాం మీద ఆ సాయంత్రం సంచులేసుకున్న గుంపులు ఎన్నో కనపడ్డాయి. ప్రతివాళ్లూ పక్కవాళ్లను అడుగుతున్నారు: "మీరూ వెంకటాపురమేనా? బస్సు ఎక్కడ? ఇప్పుడు పోతే పడుకోడానికి చోటుంటుందా?" ఎవరికీ సరిగ్గా తెలియదు. కొందరు తెలియక ఆ రాత్రే జీపులు మాట్లాడుకుని వెళ్లిపోయారు. రాత్రి పదకొండింటికి అడవి అంచున దిగి వాళ్లు ఏం చేశారో!

అందుకని నా మొదటి విన్నపం. నంద్యాల రైళ్ల వేళలు, ఆత్మకూరు బస్సులు, వెంకటాపురం బస్సులు, అడవి గేటు తెరిచే వేళ, ఈ నాలుగింటినీ ఒకే కాగితం మీద పెట్టి కలపండి. ఆత్మకూరు నుంచి మొదటి బస్సు తెల్లవారుజామున నాలుగింటికి కదలాలి. ఆ తర్వాత ప్రతి అరగంటకూ ఒకటి పోవాలి. మధ్యాహ్నం దాటాక వెంకటాపురానికి బస్సు వద్దు. ఈ మాట వినడానికి వింతగా ఉంటుందని తెలుసు. బస్సులు పెంచమని అడిగేవాళ్లే కానీ ఆపమని అడిగేవాళ్లు ఉండరు. కానీ రెండింటికి మనిషిని అడవి అంచున దించే బస్సు, వాడికి మేలు చేసినట్టు కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆత్మకూరులోనే ఆపి, ఒక స్కూలో కల్యాణమండపమో తెరిచి, చాపా దుప్పటీ ఇచ్చి, మర్నాడు నాలుగింటి బస్సు ఎక్కించండి. ఆపితే తిట్టుకుంటారు, నాకు తెలుసు, ఆ రోజు ఎవరైనా ఆపి ఉంటే నేనూ తిట్టుకునేవాణ్ని. అయినా ఆపండి.

రెండోది కార్లు. హైదరాబాద్ నుంచో అనంతపురం నుంచో వచ్చేవాళ్లందరికీ మా రైలు కలిసి రాదు, బండ్లలోనే వస్తారు. ఆ బండ్లను వెంకటాపురం దాకా రానివ్వకుండా ఆత్మకూరులోనే పెట్టించండి. చిన్న ఊరు, సన్న దారి, పండగ మూడు రోజులూ పొలాల నిండా కార్లే. శబరిమలలో 2018 వరదల తర్వాత పంబ దగ్గర పార్కింగు తీసేసి, కార్లను ఎక్కువగా నిలక్కల్‌లో ఆపి, అక్కడి నుంచి కేరళ ఆర్టీసీ బస్సుల్లో పంబకు చేరవేస్తున్నారు. మన తెలుగు స్వాములు ఏటా లక్షల మంది ఆ బస్సులెక్కి వస్తున్నవాళ్లే, మనవాళ్లకు అది కొత్తేమీ కాదు. ఆత్మకూరులో ఒక మైదానం, ఒక చీటీ, రాత్రి కాపలాకు ఇద్దరు మనుషులు చాలు. హైదరాబాద్ వాళ్లకు ఒక మాట కూడా చెప్పాలి: మీకు అసలు కారే వద్దు. కర్నూలు మీదుగా బస్సులో ఆత్మకూరు రండి, నడవండి, శ్రీశైలం నుంచి మన్ననూరు మీదుగా నేరుగా హైదరాబాద్ బస్సు ఎక్కండి. ఎక్కడా వెనక్కి తిరిగే పని లేదు.

ఇక తిరుగు ప్రయాణం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ఆ మూడో ఏడాదే శ్రీశైలం బస్టాండు దగ్గర ఒక పెద్దాయన కనపడ్డాడు. తెల్లటి పంచె మోకాళ్ల దాకా మట్టి కొట్టుకుని ఉంది, చేతిలో ఊతకర్ర, భుజాన గుడ్డమూట. కర్ణాటకలో విజయపుర అవతల ఏదో పల్లె. తనవాళ్ల గుంపు భీముని కొలను దగ్గర తప్పిపోయింది. అందరినీ ఒకటే అడుగుతున్నాడు, "బస్ ఎల్లి సిగ్తద్రీ?" అని, అంటే బస్సు ఎక్కడ దొరుకుతుందని. ఎటువైపు బస్సు కావాలో మాకు అర్థం కాలేదు, మేం చెప్పేది ఆయనకు అర్థం కాలేదు. ఆ పూట ఆ మూల ఒక్క కన్నడ బోర్డు నాకు కనపడలేదు. చివరికి రాయచూరు కుర్రాడొకడు దొరికి, ఒక అట్టముక్క మీద కన్నడంలో రాసి ఆయన చేతికిచ్చి, ఆ బస్సులో కూర్చోబెట్టాడు. ఎక్కేముందు ఆ పెద్దాయన మూట విప్పి, మిగిలిన రెండు జొన్న రొట్టెల్లో ఒకటి మా మేనల్లుడి చేతిలో పెట్టాడు. అప్పటికే అది అప్పడంలా ఎండిపోయి ఉంది. వాడు దాన్ని నరసరావుపేట దాకా దాచుకుని వచ్చి వాళ్ల నాన్నమ్మకు చూపించాడు.

కన్నడిగులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచు అనుకుంటారు. ఉగాదికి చీర, పసుపు, కుంకుమ పట్టుకుని వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. కొందరు కర్రకాళ్ల మీద నడిచి వస్తారు. పుట్టింటివాళ్లు ఇంత దూరం నడిచి వస్తే, వాళ్లు తిరిగి పోయే బస్సు ఏదో వాళ్ల భాషలో చెప్పాల్సిన బాధ్యత అత్తింటివాళ్లకు లేదా? కన్నడ బోర్డులు రాయించండి. కన్నడం వచ్చిన ఇద్దరు వాలంటీర్లను బస్టాండులో కూర్చోబెట్టండి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అలాగే పండగ రోజుల్లో శ్రీశైలం నుంచి డోర్నాల మీదుగా నేరుగా ఆత్మకూరుకు బస్సులు నడపండి. బండి పెట్టుకున్నవాడు డోర్నాలలో దిగి ఎండలో నిలబడకూడదు. ఇంకో వరస మార్కాపురం రోడ్డు స్టేషనుకు, రైళ్ల వేళకు. ఈ బస్సులకు ముందు అద్దం మీద "పాదయాత్ర" అని పెద్ద అక్షరాలతో రాయండి, మిగతా రద్దీలో కలిసిపోకుండా. మామూలు రోజుల్లో రాత్రి 9 దాటితే ఘాట్ గేట్లు మూసేస్తారు, పండగకు ఏ వేళ దాకా వదులుతారో ముందే చెబితే, మనుషులు రైలు టికెట్ దానికి తగ్గట్టు తీసుకుంటారు. టికెట్ తీసుకునేటప్పుడే రానూ పోనూ కలిపి ఒకే టికెట్ ఇస్తే మరీ మంచిది: ఆత్మకూరు నుంచి వెంకటాపురం, శ్రీశైలం నుంచి ఆత్మకూరు. మధ్యలో అడవి మనది.

కైలాసద్వారం సంగతి విడిగా చెప్పాలి. భీముని కొలను నుంచి పైకి ఎక్కేసరికి ఎంతటివాడికైనా మోకాళ్లు వణుకుతాయి. "చేదుకో మల్లన్నా చేదుకో" అని అరవడానికి కూడా గొంతు రాదు. కైలాసద్వారం చేరగానే చాలామందికి అయిపోయింది అనిపిస్తుంది. అవదు. అక్కడి నుంచి హటకేశ్వరం, సాక్షి గణపతి దాటి ఊళ్లోకి ఇంకా నడవాలి. ఓపిక ఉన్నవాళ్లు నడుస్తారు, నడవాలి కూడా, సాక్షి గణపతి దగ్గర హాజరు వేయించుకోకుండా ఎలా వెళ్తాం. కానీ ముసలివాళ్లూ కాళ్లు దెబ్బతిన్నవాళ్లూ అక్కడే రోడ్డు పక్కన పడుకుని ఉంటారు. వాళ్ల కోసం ఒక చిన్న బస్సు రోజంతా అటూ ఇటూ తిరగనివ్వండి. అది ఎక్కితే మొక్కు చెల్లదేమోనని భయపడేవాళ్లకు, చెల్లుతుందని అర్చకస్వాములతో ఒక మాట మైకులో చెప్పించండి.

సామాను గురించి కూడా. తిరుమలకు నడిచి వెళ్లేవాళ్ల సంచులను అలిపిరి దగ్గర తీసుకుని, చీటీ ఇచ్చి, కొండ మీద అప్పగిస్తారు. పైసా తీసుకోరు. సామాను రోడ్డు మీద పోతుంది, మనిషి మెట్ల మీద పోతాడు. 3,550 మెట్లకే ఆ సాయం ఉంటే, రెండు రోజుల అడవి దారికి ఉండొద్దా? దర్శనానికి కట్టుకోవాల్సిన చీర, పిల్లల బట్టలు, దుప్పట్లు, పూజ సామాను, అన్నీ తల మీద మోస్తూ ఆ మెట్లెక్కే ఆడవాళ్లను చూశాను. ఒకామె మూట దించుకోవడానికి సాయం పట్టాను, పది కిలోలకు తక్కువ లేదు. ఆత్మకూరులో మూట ఇచ్చి శ్రీశైలంలో తీసుకునే వీలుంటే, చేతిలో నీళ్ల సీసా, టార్చి, మందులతో నడిచిపోతారు. ఎలాగూ ఆ రోడ్డున బస్సులు పోతూనే ఉంటాయి, వాటిలోనే వేయొచ్చు. సంచి తేలికైతే అడవిలో పారేసే చెత్త కూడా తగ్గుతుంది. అది పులుల అడవి, చెంచుల ఇల్లు. మనం రెండు రోజుల చుట్టాలం.

ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ చాలా టెన్షన్ పెడుతుంది. అడవిలో ఫోను పనిచేయదు. ఇంట్లో సగం మంది నడిచి వస్తారు, పెద్దవాళ్లు బస్సులో వచ్చి కొండ మీద ఎదురుచూస్తారు. ఎవరు ఎప్పుడు చేరతారో, ఎక్కడ కలవాలో తెలియక మైకులో పేర్లు పిలిపిస్తూ ఉంటారు. వెంకటాపురంలో గేటు దాటేటప్పుడు గుంపుకొక చీటీ ఇచ్చి, దాని సగం ముక్క కైలాసద్వారం దగ్గర తీసుకుంటే, ఎంతమంది లోపలికి వెళ్లారు, ఎంతమంది బయటికి వచ్చారు అన్నది మీకూ తెలుస్తుంది, ఎదురుచూసే వాళ్లకూ తెలుస్తుంది. చివరి చీటీ వచ్చేదాకా చివరి బస్సు కదలకూడదు.

ఆత్మకూరు ఆటో, జీపు అన్నదమ్ములకు కూడా ఒక మాట. మీ పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. ఏడాదిలో మీకు నాలుగు డబ్బులు వచ్చే రోజులవి. నాలుగింటికి మమ్మల్ని తీసుకెళ్లిన ఆటో అతను, దింపేటప్పుడు తన టార్చి మా మేనల్లుడికిచ్చి "మళ్లీ వచ్చినప్పుడు ఇద్దువులే బాబూ" అన్నాడు. అలాంటివాళ్లు మీలో చాలామంది ఉన్నారు. రేటు ఇంత అని ఒక బోర్డు స్టాండులో రాసి పెడితే మీకూ గొడవ ఉండదు, మాకూ ఉండదు. చీకటి పడ్డాక ఎవరైనా వెంకటాపురం పోదామంటే, వద్దు, ఆత్మకూరులో పడుకోండి అని చెప్పండి. మీ మాట అధికారుల మాట కన్నా ఎక్కువ వింటారు.

ఈసారి అక్కకు యాభై ఎనిమిది నిండుతాయి. ఇదే ఆఖరుసారి నడుస్తానంటోంది, ప్రతిసారీ అంటుంది. మేం నంద్యాల రైలుకే వస్తాం. ప్లాట్‌ఫాం మీద దిగగానే ఆత్మకూరు బస్సు ఎటో, పడుకునే చోటు ఎక్కడో, పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో రాసిన బోర్డు ఒకటి, తెలుగులోనూ కన్నడంలోనూ, మెట్ల పక్కన కనపడేలా పెట్టించండి. మిగతావన్నీ ఒక్క ఏడాదిలో కాకపోయినా, ఆ బోర్డూ నాలుగింటి బస్సూ ఈ శివరాత్రికే అవుతాయి. ఆత్మకూరు బస్టాండులో బోర్డు పట్టుకుని నిలబడటానికి మనుషులు కావాలంటే చెప్పండి, నేనూ బావా రెండు రోజులు ముందే వస్తాం.

ఇట్లు,
నరసరావుపేట నుంచి ఒక పాదయాత్రికుడు